బుజ్జమ్మ కోసం నాంపల్లి దాకా

హైదరాబాద్ వెళ్ళొచ్చానని తెలిసి మా వీధిలో అందరూ ఒకటే అడిగారు, చార్మినార్ చూశావా, గాజులు తెచ్చావా అని. చూడలేదు, తేలేదు. నాలుగు రోజులూ నాంపల్లికీ ఆబిడ్స్‌కీ మధ్యే తిరిగాను. నేను వెళ్ళింది ఒక తాబేలు పని మీద. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది.

నాది తణుకు. జాకెట్లు కుట్టే కొట్టు నడుపుతాను. చాలా ఏళ్ళ కిందట మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకుని మంచంలో ఉన్నప్పుడు, ఓడలో పనిచేసే మా తమ్ముడు సింగపూర్ నుంచి వస్తూ అరచేతిలో పట్టే బూడిదరంగు ఆటపెట్టె ఒకటి తెచ్చి నా పక్కన పడేశాడు. "కాలు కదలకపోతే ఏమైందక్కా, వేళ్ళు కదుల్తాయిగా" అన్నాడు. పెట్టె వెనకాల దూర్చే ప్లాస్టిక్ బిళ్ళలో ఉంటుంది ఆట. మనం ఇంట్లోంచి బయల్దేరి ఊరూరూ తిరుగుతాం. గడ్డిలో నడుస్తుంటే వింతజీవాలు ఎదురవుతాయి. వాటిని పట్టుకోవాలి, పేరు పెట్టాలి, పెంచాలి, పందేల్లో దింపాలి. కాలికి కట్టు విప్పే రోజుకి నా దగ్గర చిన్నపాటి జంతుప్రదర్శనశాల తయారైంది. కాలు బాగుపడింది గానీ ఆట మానలేదు. ఈ ఆట కొత్త కొత్త రూపాల్లో ఇప్పటికీ వస్తూనే ఉందట, నేను మాత్రం ఆ మొదటి బిళ్ళ వదల్లేదు. "యాభై దాటాయి, ఇంకా ఆ పురుగుల ఆటేమిటే" అని మా ఆయన దెప్పుతూనే ఉంటాడు.

వాటిలో నా ప్రాణం బుజ్జమ్మ. నెత్తిన దుత్త బోర్లించుకున్నట్టుండే తాబేలు. ఈ జీవాలు పెరిగేకొద్దీ రూపం మారతాయి. బుజ్జమ్మ జాతి రెండో రూపం దాకా మన దగ్గరే మారుతుంది. మూడోది, అసలైనది, రావాలంటే దాన్ని ఇంకొకరి పెట్టెలోకి పంపాలి. రెండు పెట్టెల్నీ తీగతో కలిపి, మనదొకటి వాళ్ళకిచ్చి వాళ్ళదొకటి పుచ్చుకోవాలి. అవతలి పెట్టెలో అడుగుపెట్టగానే మారుతుంది. ఆ తర్వాత వాళ్ళు తిరిగిచ్చేయాలి. ఇవ్వకపోతే ఏం చేస్తాం? ఏమీ చేయలేం. తణుకంతా గాలించినా ఇంకో పెట్టె దొరకలేదు. బుజ్జమ్మ అలా సగం ఎదిగి ఉండిపోయింది.

ఈ ఏడాది కొత్త తంటా వచ్చింది. బిళ్ళ లోపల బొత్తామంత బ్యాటరీ ఉంటుంది. మనం ఆడిందంతా గుర్తుపెట్టుకునేది అదే. అది ముసలిదై, ఆట తెరిచినప్పుడల్లా తెర వణకడం మొదలుపెట్టింది. అది ఆరిపోతే బుజ్జమ్మ లేదు, ఏదీ లేదు. పాత ఆటలవాళ్ళ గుంపొకటి ఫోన్లో ఉంటే అందులో గోల పెట్టాను. ఆబిడ్స్ నుంచి విఠల్ అనే ఆయన జవాబిచ్చాడు, తన దగ్గర పెట్టే ఉంది, తీగా ఉంది, ఆదివారం రమ్మని. బ్యాటరీ పోయేలోపు బుజ్జమ్మ అసలు రూపం కళ్ళారా చూసి, మళ్ళీ ఇంటికి తెచ్చుకోవాలి. నా ప్రయాణం పని అంతే.

స్టేషన్ ఎదుట

శుక్రవారం సాయంత్రం నాంపల్లిలో దిగాను. స్టేషన్ ఎదురుగా లాడ్జీలు బారులు తీరి ఉన్నాయి. కాస్త శుభ్రంగా కనిపించిన దాంట్లోకి వెళ్తే మేనేజరు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏ దవాఖానకు వచ్చిన్రమ్మా?" అన్నాడు.

"దవాఖానకు కాదండీ."

"మరి కోర్టు పనా?"

"కాదు."

"దర్గాకా? గా గల్లీలకెళ్లి సీదా పోండ్రి."

"కాదండీ బాబూ, ఆటాడ్డానికి వచ్చాను."

ఆయన నా మోకాళ్ళ వంక చూశాడు. "ఏం ఆట? కబడ్డీయా?" అన్నాడు, పాపం, మనస్ఫూర్తిగా. పెట్టె తీసి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికోసం గంత దూరంకెళ్లి వచ్చిన్రా! మంచిగున్నది" అని తాళంచెవి ఇచ్చాడు. మా ఊళ్ళో అయితే ఈపాటికి నలుగురిని పిలిచి పంచాయితీ పెట్టేవారు. ఈ ఊరికి ఎవరు ఏ పని మీద వచ్చినా పట్టింపు లేదు. అది నాకు నచ్చింది.

పొద్దున్నే పక్క హోటల్లో టిఫిను అడిగితే ఖిచిడీ, ఖట్టా పెట్టారు. ఖిచిడీ అంటే పసుపు వేసిన పెసరపప్పు అన్నం అనుకోండి. ఖట్టా అంటే నువ్వులూ చింతపండూ కలిపిన పల్చటి పులుసు. పొద్దున ఏడింటికే అన్నమేమిటని మొహం చిట్లించాను. మా వైపు ఆ వేళకి అన్నం తింటే ఒంట్లో బాగోలేదనుకుంటారు. రెండు ముద్దలు తిన్నాక ఇంకో గిన్నెడు ఖట్టా అడిగాను. అరవై రూపాయలకి మధ్యాహ్నం దాకా ఆకలి మాట లేదు.

మొజంజాహీ మార్కెట్

శనివారం ఊరికే కూర్చోలేక నడుచుకుంటూ మొజంజాహీ మార్కెట్టుకి వెళ్ళాను. రాతి కట్టడం, మధ్యలో గడియారం, చుట్టూ ఐస్‌క్రీం కొట్లు. చేత్తో తిప్పి చేస్తారట. "సీతాఫలం ఉందా" అంటే కొట్టు పెద్దాయన నవ్వి, "గిప్పుడేడిదమ్మా సీతాఫలం, సపోటా తీస్కోండ్రి" అన్నాడు. తీసుకున్నాను. పండు ముక్కలు పళ్ళకి తగులుతున్నాయి. మా ఊళ్ళో గులాబీరంగు పోసి స్ట్రాబెర్రీ అంటారే, దాన్ని తలుచుకుని కోపం వచ్చింది. తింటూ తింటూ చీర మీద పోసుకున్నాను. కుట్టుపని చేసేదాన్నయి ఉండీ మరక ఎలా తీయాలో ఆ పెద్దాయన చెప్తే విన్నాను. ఉప్పునీళ్ళట. మరక పోలేదు.

ఆబిడ్స్, ఫోన్ల సందు

అక్కణ్ణించి ఆబిడ్స్‌లో ఫోన్లు బాగుచేసే సందుకి వెళ్ళాను. మనుషులు భుజాలు ఒరుసుకుంటూ నడుస్తారు. ప్రతి అడుగుకీ "ఏం కావాలె మేడం, గ్లాసా, కవరా" అని పిలుపు. ఒక కొట్లో బిళ్ళ చూపించి బ్యాటరీ మార్చగలరా అని అడిగాను.

"మారుస్తం. కానీ లోపలున్నయన్నీ పోతయి. తీసి దాచేటి మిషిను మా తాన లేదు."

"మార్చకపోతే ఎన్నాళ్ళుంటుంది?"

"నాకేం ఎరుక? రేపు పోవచ్చు, ఏడాది ఉండొచ్చు."

మార్చకుండానే బిళ్ళ తీసి రుమాల్లో చుట్టుకుంటుంటే పక్కన నిలబడ్డ అమ్మాయి, "మేడం, గది మొట్టమొదటిదా? జర చూడొచ్చా?" అంది. రవళి అట పేరు, సిద్దిపేట దగ్గర పల్లె, ఇక్కడ ఆఫీసులో పని. ఇదే ఆటలో కొత్తగా విడుదలైనదాన్ని కొనడానికి వచ్చింది. నా పెట్టెని రెండు చేతులతో పట్టుకుని చూసింది. నాకు కావలసిన మనిషి దొరికింది కదా, వదుల్తానా? "ఏమ్మా, ఇన్నేళ్ళ నుంచి ఇన్ని ఆటలు తీశారు గదా, కథ మారిందా?" అని అడిగాను.

"ఏం మారలే మేడం. ఇంట్లకెళ్లి బయల్దేరుతం, మొదటి జంతువు మూడిట్ల ఒకటి ఏరుకుంటం, నడుస్తం. గంతే."

"మరి మళ్ళీ మళ్ళీ ఎందుకు కొంటావు?"

ఆ పిల్ల ఆలోచించింది. "నేను హాస్టల్‌కు వచ్చినప్పుడు ఒక్కదాన్నే. ఎవ్వలతోని మాట్లాడకపోతుంటి. ఒకామె వచ్చి, నీ తాన గిది ఉన్నదా, నా తాన గది ఉన్నది, మార్చుకుందమా అన్నది. ఇప్పుడు మేమిద్దరం ఒక్క రూమ్‌ల ఉంటున్నం, కిరాయి సగం సగం" అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఈ ఆట చేసినవాళ్ళు ఎప్పుడూ రెండు రకాల బిళ్ళలు చేస్తారు. ఒకదాంట్లో దొరికేవి కొన్ని రెండోదాంట్లో దొరకవు. ఎంత మొనగాడైనా ఒక్కడూ కూర్చుని పూర్తి చేయలేడు. నేనిది వ్యాపారం తెలివితేటలని తిట్టుకునేదాన్ని. తెలివితేటలే, కాదనను. కానీ మనిషిని గడప దాటించే తెలివితేటలు.

ఆదివారం, ఫుట్‌పాత్

ఆదివారం ఆబిడ్స్‌లో కొట్లు మూసేస్తారు. వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. వంటల పుస్తకాల పక్కన ఇంజనీరింగ్, దాని పక్కన జాతకాలు. యాభై రూపాయలు చెప్పిన ఎంబ్రాయిడరీ పుస్తకం బేరమాడి ముప్ఫైకి తెచ్చాను. తీరా చూస్తే మధ్య పేజీలు లేవు.

విఠల్ అక్కడే కలిశాడు. నలభై అయిదుంటాయి, ఆబిడ్స్ పక్కనే గన్‌ఫౌండ్రీ అనే పేటలో కళ్ళద్దాల కొట్టు. తాతల నాటి నుంచీ ఈ ఊరే. చూడగానే "నమస్తే అక్కా, మంచిగ వచ్చిన్రా? తిన్నరా?" అన్నాడు. ఫోన్లో మాట్లాడినప్పుడు ఎందుకో కుర్రాడనుకున్నాను. దగ్గర్లోని ఇరానీ హోటల్‌కి తీసుకెళ్ళాడు. పాలరాతి బల్ల, గోడలకి అద్దాలు, ఎవర్నీ లేచి పొమ్మనని వెయిటర్లు. రెండు పెట్టెలూ బల్ల మీద పెట్టి తీగ కలిపాడు.

"ఏదైనా చిన్న పురుగుంటే ఇటు పంపండి, రెండు నిమిషాల్లో తిరిగి మార్చేసుకుందాం" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "గట్ల కాదక్కా. మీరు పానమసొంటిది ఇస్తున్రు. నేను కుదువ వెట్టేది గూడ గట్లనే ఉండాలె. మా గుంపుల గిదే కాయిదా. లేకపోతే మీకు భరోస ఎట్ల?"

ఆయన పంపింది సుల్తాన్. మూడు తోకల ముంగిస. అది ఆయన బిళ్ళలో దొరకదు, నాలాంటి బిళ్ళలోనే దొరుకుతుంది. స్కూల్లో చదివేప్పుడు ఖలీల్ అనే దోస్తు అన్నం బెల్లులో ఇచ్చాడట. తర్వాత వాళ్ళు ఇల్లు మారిపోయారు, ఎక్కడున్నారో తెలియదు. "ఎవ్వలు పట్టిన్రో వాళ్ళ పేరు దానిమీద పక్కాగ ఉంటది గదా. తీసి చూసినప్పుడల్లా ఖలీల్ అని ఉంటది. దోస్తును చూసినట్టే" అన్నాడు.

బొత్తాం నొక్కాము. బుజ్జమ్మ తీగలోంచి అటు వెళ్ళింది, సుల్తాన్ ఇటు వచ్చింది. విఠల్ పెట్టెలో తెర తెల్లగా మెరిసింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నెత్తి మీది దుత్త పగిలింది. అందులోంచి మేడంత ఎత్తు గోపురం పైకి లేచింది, నాలుగు కాళ్ళూ స్తంభాలయ్యాయి. ఓసి నా తల్లీ! ఇంత దానివా నువ్వు! నాకు ఏడుపొచ్చింది. పక్క బల్లవాళ్ళు చూస్తున్నా సిగ్గేయలేదు.

అప్పుడే చాయ్ వచ్చింది. తిరిగి మార్చుకుందామని నేను బొత్తాం మీద వేలు పెడితే, విఠల్ ఆపాడు. "అక్కా, ఇరానీ చాయ్ చల్లారితే పాపం తగులుతది. ముందుగాల చాయ్. బుజ్జమ్మ యాడికి వోతది?" అని బిస్కెట్లు చెప్పడానికి వెయిటరు వైపు తిరిగాడు.

మా ఇంట్లో గది దాటితే ఫ్యాను కట్టేయాలి. కుట్టు ఆపితే మిషను దీపం ఆర్పేయాలి. మా అత్తగారు నేర్పిన అలవాటు, చేతికి దానంతటదే వస్తుంది. చాయ్ తాగేంతసేపు సెల్లులు దండగ ఎందుకని నా పెట్టె ఆపేశాను. మీగడ తేలిన చాయ్ సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగాను, ఇరవై రూపాయలకి మా ఊళ్ళో ఇలాంటిది రాదని మెచ్చుకున్నాను కూడా. ఆ తర్వాత పెట్టె తెరిచాను.

"కొత్త ఆట" అని ఉంది. ఆ ఒక్క మాటే ఉంది.

ఆపి తెరిచాను. మళ్ళీ అదే. విఠల్ బిళ్ళ తీసి, కళ్ళద్దాలు తుడిచే గుడ్డతో తుడిచి పెట్టాడు. అదే. లోపలి బ్యాటరీ నేను చాయ్ తాగుతుండగా ప్రాణం విడిచింది. పెట్టె ఆపకుండా ఉంటే దాని సెల్లులే అన్నిటినీ నిలబెట్టేవి, రెండు నిమిషాల్లో మార్చేసుకునేవాళ్ళం. నేను పెంచినవన్నీ పోయాయి. వాటితో పాటు సుల్తాన్ పోయింది. బుజ్జమ్మ ఒక్కటే మిగిలింది, అదీ ఆయన పెట్టెలో ఉండబట్టి.

విఠల్ లేచి బయటికి వెళ్ళాడు. తన పెట్టె జేబులో పెట్టుకునే వెళ్ళాడు. తిరిగి రాడనుకున్నాను. రాకపోయినా తప్పు పట్టే మొహం నాకెక్కడిది? కాసేపటికి వచ్చి కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కోపమొస్తున్నది అక్కా" అన్నాడు. "మీ మీద కాదంటే అబద్ధమైతది. జర మీ మీద గూడ. చాయ్ తాగమన్న నా మీద గూడ."

"బుజ్జమ్మని మీరే ఉంచేసుకోండి" అన్నాను. నిజంగానే అన్నాను.

"నాకు బదులు వద్దు. బుజ్జమ్మ మీది. గిటు చూడుండ్రి." తెర నా వైపు తిప్పాడు. బుజ్జమ్మ బొమ్మ కింద, పట్టినవారి పేరు దగ్గర, ఇంగ్లీషు అక్షరాల్లో సుశీల అని ఉంది. నా బిళ్ళలో నా పేరే లేదు. నిన్నటిదాకా ముఖం తెలియని మనిషి బిళ్ళలో ఉంది. "గిప్పుడు ఇద్దామన్నా మీ తాన పుచ్చుకునే జాగ లేదు. బ్యాటరీ మార్పించుకొని, ఆట షురువు చేసి రండ్రి. గప్పటిదాంక నా తాన ఉంటది. మంచిగ చూస్కుంట" అన్నాడు.

"సుల్తాన్ జాతిది నా దాంట్లో దొరుకుతుందన్నారుగా. పట్టుకునే వస్తాను" అన్నాను. ఆయన ఔననీ అనలేదు, వద్దనీ అనలేదు. చాయ్ డబ్బులు మాత్రం నన్ను ఇవ్వనివ్వలేదు.

సోమవారం

ఆ ఫోన్ల సందుకే వెళ్ళి బ్యాటరీ మార్పించాను. "మొన్న వద్దన్నరు గదా" అన్నాడు కొట్టతను. ఇప్పుడు పోవడానికేమీ లేదన్నాను. రైలెక్కాక కిటికీ పక్కన పెట్టె తెరిచాను. నీ పేరేమిటని అడిగింది. రాశాను. మూడింట్లో ఒకదాన్ని ఏరుకోమంది. మొదటిసారి ఏరుకున్నప్పుడు కాలు నొప్పితో మూలుగుతున్నాను, ఎవరూ లేరనిపించేది. ఈసారి నా కోసం ఒక మనిషి ఎదురుచూస్తున్నాడు, అదీ కోపంగా. కొత్త దారి కూడా కాదు, గడ్డిలో ఏముందో నాకు తెలుసు. అయినా స్టేషన్లు దాటిపోతున్నా తల ఎత్తలేదు. ఆ రవళి మళ్ళీ మళ్ళీ ఎందుకు కొంటుందో అప్పుడు తెలిసింది.

తణుకు

పెళ్ళిళ్ళ సీజను. జాకెట్లు గుట్టలుగా పడి ఉన్నాయి. అన్నం తిన్నాక దొరికే కాస్త ఖాళీలో ఆడాను. ఆ ముంగిస అడవి చివర ఎప్పుడో గానీ కనిపించదు, కనిపించినా పారిపోతుంది. మూడుసార్లు చిక్కినట్టే చిక్కి తప్పించుకుంది. మా ఆయన ఓ రోజు వెనక నిలబడి చూస్తూ, "అటు కాదే, ఇటు తిప్పు" అని అరిచాడు. పురుగుల ఆటని ఎప్పుడూ తిట్టే మనిషి! ఆ రోజే పట్టాను.

పట్టగానే పేరు పెట్టమని ఆట ఆగి నిలబడుతుంది. పట్టినవాళ్ళు పెట్టాల్సిందే, చేతులు మారాక ఇక మార్చడం కుదరదు. అలాగే వదిలి విఠల్‌కి ఫోన్ చేశాను. "దొరికిందండీ! సుల్తాన్ అనే పెడుతున్నా" అన్నాను.

అవతల కొట్లో ఎవరో కళ్ళద్దాల బేరం ఆడుతున్నారు.

"వద్దక్కా" అన్నాడు. "ఆ పేరు ఖలీల్ వెట్టింది. సుల్తాన్ పోయిండు. ఇంకోదానికి గా పేరు వెడితే వాడు వచ్చినట్టు కాదు."

 ఇన్నాళ్ళు తంటాలు పడి నేను పట్టింది ఎందుకు మరి?

"మీరు పట్టిన్రు, మీకు నచ్చింది వెట్టుండ్రి. దానిమీద మీ పేరుంటది గదా, నాకు గది చాలు" అన్నాడు. బేరగాడికి ఏదో జవాబు చెప్పి మళ్ళీ ఫోన్లోకి వచ్చాడు. "పేరు సంగతి ఇడిసిపెట్టుండ్రి అక్కా. మీరెప్పుడొస్తున్రో గది చెప్పుండ్రి."